పద్మ, పలాశ్‌ల చరిత్ర రాస్తున్న మేనల్లుడికి

చిరంజీవి శ్రీనుకి,

మావయ్య ఆశీస్సులు. నేవీ డే సంచిక కోసం పద్మ, పలాశ్ గన్‌బోట్ల (తుపాకులు బిగించిన చిన్న యుద్ధ పడవల) మీద నువ్వు రాసిన వ్యాసం చదివాను. మన వైజాగ్‌లో 1971 యుద్ధం అనగానే అందరూ ఇక్కడ మునిగిన పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ దగ్గరే ఆగిపోతారు. నువ్వు బంగ్లాదేశ్‌లోని ఖుల్నా దాకా వెళ్ళావు, సంతోషం. కానీ పద్మ అని నువ్వు పెట్టిన ఆ ఫొటో ముందు తీసెయ్.

అది 'అక్షయ్' ఫొటో. మన నౌకాదళం తీర రక్షణ కోసం కట్టించుకున్న పడవ. 1973లో దాన్ని బంగ్లాదేశ్‌కి ఇచ్చేస్తే వాళ్ళు 'పద్మ' అని పేరు పెట్టుకున్నారు. నువ్వు రాస్తున్న పద్మ అప్పటికే పోయింది. అది కలకత్తా పోర్టు పడవ, 1971 డిసెంబర్ 10న దెబ్బతింది. ఇవి చాలవన్నట్టు 2013లో సేవలోకి వచ్చిన మూడో పద్మ కూడా ఉంది, ఖుల్నా షిప్‌యార్డ్‌లోనే కట్టినది. తాత పేరు మనవడికి పెట్టే అలవాటు నేవీలకీ ఉంది మరి. అందుకే పేరు పట్టుకుని వెతకొద్దు. పడవ ఎక్కడ కట్టారు, ఎప్పుడు ఎవరి చేతికొచ్చింది, ఎక్కడ పోయింది, ఇవి ముందు ఒక కాగితం మీద రాసుకో. ఆ తర్వాతే కథ మొదలుపెట్టు.

పోర్టు పడవలకి 40 మిల్లీమీటర్ల బోఫోర్స్ గన్‌లు బిగించిన సంగతి ఒక్క వాక్యంలో తేల్చేశావు. అసలు విషయం అక్కడే ఉందిరా! గన్ పేలిన ప్రతిసారీ ఆ తన్ను డెక్ మీద పడుతుంది. కింద ఉక్కు దన్ను లేకపోతే ప్లేట్లు వంగిపోతాయి. అంత బరువు పైకెక్కితే పడవ ఊగే తీరే మారిపోతుంది. అలాంటి పడవల్లో, పాకిస్తాన్ నేవీ వదిలేసి వచ్చిన బెంగాలీ నావికులు, మనవాళ్ళు కలిసి పశూర్ నది దారుల్లో మైన్లు పరిచారు. దీనికి కనీసం రెండు పేరాలు ఇవ్వు. పొడవు, వెడల్పు, వేగం పట్టికలు కుదించినా ఎవరూ అడగరు.

ఇక డిసెంబర్ 10. 'శత్రు విమానాల దాడిలో' అని రాశావు. ఆ మాట కొట్టెయ్. కమాండర్ ఎం.ఎన్. సామంత్ నాయకత్వంలో మన నేవీ పడవ పన్వేల్‌తో కలిసి పద్మ, పలాశ్ మోంగ్లా రేవు నుంచి ఖుల్నా వైపు వెళ్తుంటే, శత్రువులనుకుని దాడి చేసింది మన విమానాలే. పన్వేల్ బయటపడింది, పద్మ, పలాశ్ పోయాయి. దాన్ని మెత్తబరచకు, అలాగని ఎవరినో బోనెక్కించే గొంతూ వద్దు. జరిగింది జరిగినట్టు రాస్తే చాలు.

పలాశ్ ఇంజన్ రూమ్‌లో, పాకిస్తాన్ నేవీ వదిలేసి వచ్చిన ఆ బెంగాలీల్లో ఒకడైన రుహుల్ అమీన్ ఉన్నాడు. నేనూ ఈఆర్ఏగా (ఇంజన్ రూమ్ మెకానిక్‌గా) చేసినవాణ్ణే కనుక చెబుతున్నాను, కిందున్నవాడికి ఆకాశం కనపడదు. మా షిప్పులో అయితే బ్రిడ్జి నుంచి టెలిగ్రాఫ్ గంట మోగేది, సూది 'ఫుల్' మీంచి 'స్టాప్' మీదకి పడేది. మేం అదే ఆర్డరు తిరిగి కొట్టి, టైము రిజిస్టర్లో రాసుకునేవాళ్ళం. పైన ఏం జరుగుతోందో ఆ గంటే చెప్పాలి. రుహుల్ అమీన్ పడవ వదలకుండా దాన్ని కాపాడాలని చూశాడనీ, గాయాలతో ఒడ్డుకి చేరితే రజాకార్లు (మన హైదరాబాద్ వాళ్ళు కాదు, అక్కడ పాకిస్తాన్ సైన్యానికి సాయపడినవాళ్ళు) చంపేశారనీ బంగ్లాదేశ్ వాళ్ళు చెబుతారు. ఆయనకి వాళ్ళ అత్యున్నత పురస్కారం బీర్ శ్రేష్ఠ ఇచ్చారు. మన పుస్తకాల్లోనేమో సామంత్, లీడింగ్ సీమన్ చిమన్ సింగ్ కనిపిస్తారు, ఇద్దరికీ మహావీర్ చక్ర వచ్చింది. ఒకే నది, ఒకే మధ్యాహ్నం అన్నట్టుండే కథ, కానీ వాళ్ళ పుస్తకంలో మనవాళ్ళ ఊసు తక్కువ, మన పుస్తకంలో వాళ్ళ ఊసు తక్కువ. రెండూ పక్కపక్కన పెట్టుకుని చదువు. మృతుల సంఖ్య రెండు చోట్లా ఒక్కటే ఉంటేనే వ్యాసంలో పెట్టు.

ఫొటో తీసేసిన చోట నదీ మ్యాప్ పెట్టు. మోంగ్లా, ఖుల్నా, పశూర్, రూప్సా తెలుగులో గుర్తించు. రూప్సా నది ఒడ్డున రుహుల్ అమీన్ సమాధి ఉంది, అదీ చూపించు. మార్చిన కాపీ ప్రెస్‌కి వెళ్ళే ముందు నాకు పంపు. అక్కయ్యకి నమస్కారాలు చెప్పు, కళ్ళ డాక్టర్ దగ్గరికి ఈ నెలైనా తీసుకెళ్ళు.

ఇట్లు,
మీ మావయ్య