అమ్మ మౌనం, మాడిన గిన్నె

ప్రశ్న: మా అమ్మకు 67 ఏళ్లు. నలుగురితో కలుపుగోలుగా ఉండే మనిషి, ఏడు నెలలుగా ఎవరితోనూ మాట్లాడటం లేదు. స్నానానికి కూడా నేనే లేపాలి. డిప్రెషన్ అని మందులిచ్చారు. నాలుగు నెలలైనా మార్పు లేదు. మొన్న స్టవ్ మీద గిన్నె మాడి ఇల్లంతా పొగ వాసన కమ్మినా, పక్క గదిలో ఉన్న అమ్మకు తెలియలేదు. ఇదంతా వయసు వల్లేనా?

జవాబు: వయసు వల్లే అని సరిపెట్టుకోకండమ్మా. మీ ఉత్తరంలో ఆ మాడిన గిన్నె దగ్గర ఆగిపోయాను. వయసుతోనూ, జలుబుతోనూ వాసన తగ్గుతుంది, నిజమే. కానీ నుదుటి వెనకుండే మెదడు భాగమే మనకు చొరవనీ, ఆసక్తినీ ఇచ్చేది. వాసన నరాలు సరిగ్గా దాని అడుగునే ఉంటాయి. అక్కడ మెదడు పొరల్లోంచి మెనింజియోమా అనే గడ్డ పెరిగితే రెండూ దెబ్బతినొచ్చు. పెద్ద వయసులో మెదడు కాస్త కుంచించుకుపోతుంది కాబట్టి గడ్డకు చోటు దొరుకుతుంది. తలనొప్పి, వాంతులు ఆలస్యంగా వస్తాయి. మనిషి తీరు ముందే మారిపోతుంది.

డిప్రెషన్‌లో చాలామంది ‘నేనెందుకూ పనికిరాను’ అని కుమిలిపోతారు. ఇలాంటి గడ్డ ఉన్నవాళ్లలో ఆ బాధే కనిపించకపోవచ్చు. అడిగితే ‘బాగానే ఉన్నా’ అంటారు. ఒక పెద్దాయనకు నేనే మూడు నెలలు డిప్రెషన్ మందులు మార్చి మార్చి ఇచ్చాను. ‘బట్టలు తడిసినా నాన్నకు పట్టడం లేదు డాక్టర్’ అని వాళ్లమ్మాయి అన్నాకే స్కాన్ రాశాను. గడ్డ బయటపడింది. ఆ మూడు నెలలు ఈనాటికీ నన్ను బాధపెడతాయి.

భయపడకండి. ఈ వయసులో వచ్చే డిప్రెషన్‌లో చాలావరకు గడ్డ ఉండదు. థైరాయిడ్, బి12, సోడియం తేడాలున్నా మనిషి ఇలా డీలా పడొచ్చు, ఆ రక్తపరీక్షలూ చేయించండి. అయితే ఇంతకుముందెప్పుడూ మానసిక సమస్య లేని మనిషికి అరవై దాటాక మొదటిసారి వచ్చి, మందులకూ లొంగకపోతే మెదడు స్కాన్ తీయాల్సిందే. కాంట్రాస్ట్‌తో, అంటే గడ్డ స్పష్టంగా కనిపించేలా నరంలోకి మందు ఎక్కించి తీసే ఎంఆర్‌ఐ మంచిది. పేస్‌మేకర్ ఉన్నా, కిడ్నీ సమస్య ఉన్నా ముందే చెప్పండి. ఇప్పుడు వాడుతున్న మాత్రలు మాత్రం మీ అంతట మీరు ఆపొద్దు. ఫిట్స్ వచ్చినా, ఒక పక్క చెయ్యీ కాలూ పట్టు తప్పినా, మగతగా పడి ఉన్నా ఆ రోజే ఎమర్జెన్సీకి తీసుకెళ్లండి.

మెనింజియోమాలు ఎక్కువ శాతం క్యాన్సర్ కావు. ఆపరేషన్ తర్వాత మళ్లీ మామూలు మనుషులైన వాళ్లను చూశాను. పోయిన వాసన మాత్రం చాలామందికి తిరిగి రాదు.

డాక్టర్ దగ్గరకు వెళ్లేటప్పుడు ఏ నెలలో ఏ మార్పు మొదలైందో కాగితం మీద రాసుకెళ్లండి. అన్నిటికంటే పైన ఆ గిన్నె సంగతి రాయండి.