వెబ్‌సైట్లు భద్రపరిచే ఉద్యోగానికి ఏం నేర్చుకోవాలి?

ప్రశ్న: బీఎస్సీ కంప్యూటర్స్ ఫైనలియర్ చదువుతున్నాను. పైథాన్ వచ్చు. జాతీయ ఆడియో విజువల్ ఆర్కైవ్‌లలో వెబ్‌సైట్లు, ఆన్‌లైన్ వీడియోలు భద్రపరిచే ఉద్యోగాలు ఉంటాయట కదా! దీన్ని కెరీర్‌గా ఎంచుకోవచ్చా? లైబ్రరీ సైన్స్ తప్పనిసరా?

జవాబు: ఎంచుకోవచ్చు. కాకపోతే పోస్టులు తక్కువ, చాలావరకు కాంట్రాక్టు పనితోనే మొదలవుతాయి. అది తెలిసే దిగండి.

కొన్ని దేశాల్లో ఇది చట్టం అప్పగించిన పని. ఫ్రాన్స్ 2006లో వెబ్‌ను కూడా లీగల్ డిపాజిట్ (ప్రచురణల ప్రతులను జాతీయ సంస్థల్లో భద్రపరచాలనే చట్టం) పరిధిలోకి తెచ్చింది. రేడియో, టీవీలకు సంబంధించిన సైట్లను ఐఎన్ఏ అనే ఆడియో విజువల్ సంస్థ చూస్తుంది, మిగతావి జాతీయ గ్రంథాలయం చూస్తుంది.

డౌన్‌లోడ్ చేసి హార్డ్ డిస్క్‌లో పడేస్తే సరిపోతుందని చాలామంది అనుకుంటారు. సగం తలనొప్పి వీడియోతోనే. ఇప్పటి ప్లేయర్లు వీడియోను చిన్న చిన్న ముక్కలుగా, అదీ ప్లే నొక్కాకే తెప్పించుకుంటాయి. హెరిట్రిక్స్ లాంటి క్రాలర్ (లింకులు పట్టుకుని పేజీలు తెచ్చే ప్రోగ్రామ్) పేజీని తెస్తుంది, వీడియో రాకపోవచ్చు. లాగ్ చూస్తే అంతా సక్సెస్సే! అందుకే బ్రౌజర్‌ను నిజంగా నడిపి పట్టుకునే బ్రౌజర్‌ట్రిక్స్ లాంటి టూల్స్ వచ్చాయి. పట్టుకున్నది సాధారణంగా వార్క్ (WARC) అనే వెబ్ ఆర్కైవ్ ఫైల్‌లో ఉంచుతారు (ఐఎస్ఓ 28500 ప్రమాణం). పేజీతో పాటు సర్వర్ ఏం జవాబిచ్చింది, ఎప్పుడిచ్చింది అనేవి కూడా అందులో ఉంటాయి.

ఫైల్ భద్రంగా ఉన్నా చూపించలేకపోవచ్చు. ఒకప్పుడు వెబ్‌లో వీడియోలు, యానిమేషన్లు నడిపిన ఫ్లాష్‌కు అడోబ్ సంస్థ 2020 డిసెంబర్ 31తో సపోర్ట్ ఆపేసింది. పాత ఫ్లాష్ పేజీలు తెరవాలంటే ఇప్పుడు రఫుల్ లాంటి ఎమ్యులేటర్ (పాత సాఫ్ట్‌వేర్‌లా పనిచేసే ప్రోగ్రామ్) కావాలి. ఇలాంటి చిక్కులు విప్పడం ఇష్టమైతే మీకు ఈ పని బోర్ కొట్టదు.

లైబ్రరీ సైన్స్ అన్నిచోట్లా అడగరు. శాశ్వత పోస్టుల్లో కొన్నింటికి ఆర్కైవ్స్ లేదా లైబ్రరీ డిగ్రీ అడుగుతారు కాబట్టి పీజీ అటువైపు చేస్తే మేలు. ఈలోగా కోడెక్‌కూ (వీడియోను కుదించే పద్ధతి) కంటెయినర్‌కూ (వీడియో, ఆడియోలను కలిపి ఉంచే ఫైల్ రూపం) తేడా, వీడియోలు మార్చే ఎఫ్ఎఫ్ఎంపెగ్ టూల్ వాడకం, ఫైల్ మారలేదని తేల్చే చెక్‌సమ్‌లు, ఫైల్ వివరాలు చెప్పే మెటాడేటా నేర్చుకోండి. కాపీరైట్ ప్రాథమికాంశాలు కూడా. దాచుకునే హక్కు ఉన్నంత మాత్రాన అందరికీ చూపించే హక్కు ఉన్నట్టు కాదు.

సర్టిఫికెట్ల కంటే నేను ఎక్కువ విలువిచ్చేది ఒకటుంది. వీడియోలున్న చిన్న సైట్ ఒకటి, మీదో, యజమాని అనుమతి ఇచ్చిందో తీసుకోండి. వార్క్‌గా పట్టుకుని, నెట్ ఆపేసి, వార్క్ ఫైళ్లను తిరిగి చూపించే పైవెబ్ (pywb) టూల్‌లో తెరిచి చూడండి. ఏవి తెరుచుకోలేదు, ఎందుకు, ఎలా సరిచేశారు అన్నది రెండు పేజీల్లో రాసి రెజ్యూమెకు జతచేయండి.

ఉద్యోగాలు వెతికేటప్పుడు 'వెబ్ ఆర్కైవింగ్' అన్న మాట దగ్గరే ఆగకండి. 'డిజిటల్ ప్రిజర్వేషన్', 'మీడియా అసెట్ మేనేజ్‌మెంట్' అని కూడా వెతకండి. టీవీ ఛానళ్లు, యూనివర్సిటీలు దీనికి దగ్గరి పనులకు ఆ పేర్లతో ప్రకటనలిస్తుంటాయి.