నిద్రలో ఊపిరి ఎవరు తీస్తారు? బిగబడితే ఎందుకు ఆగదు?

నిద్రలో మన ప్రమేయం లేకుండా ఊపిరి ఎలా ఆడుతుంది, మెలకువగా ఉండి బిగబట్టినా కాసేపటికి ఎందుకు తన్నుకొస్తుంది అని అడిగారు. రెండింటికీ జవాబు మజ్జాముఖంలోనే ఉంది. మెదడు అడుగున, వెన్నుపాముతో కలిసే చోట ఉండే భాగం అది. పొడవు దాదాపు మూడు సెంటీమీటర్లు.

అందులో ప్రీబొట్జింగర్ కాంప్లెక్స్ అనే నాడీకణాల గుంపు గాలి పీల్చే లయను పుట్టిస్తుంది. దాన్ని 1991లో గుర్తించారు. అక్కడి ఆదేశం మెడలోని 3, 4, 5 నాడుల మీదుగా ఛాతీకి, పొట్టకు మధ్య ఉండే కండరమైన ఉదరవితానానికి చేరుతుంది. అందుకే వెన్నుపాము అంతకంటే పైన తెగితే ఊపిరి ఆగిపోతుంది. గుండెకు సొంత లయ ఉంది కాబట్టి అది మాత్రం కాసేపు కొట్టుకుంటుంది.

ఆక్సిజన్ తగ్గితేనే ఊపిరి ఆడాలనిపిస్తుందని చాలామంది అనుకుంటారు. మామూలుగా మజ్జాముఖం కనిపెట్టి చూసేది కార్బన్ డయాక్సైడ్‌ను. ధమని రక్తంలో దాని పీడనం 40 మి.మీ. పాదరసం దగ్గర ఉంటుంది. కాస్త పెరిగినా మెదడు చుట్టూ ఉన్న ద్రవంలో ఆమ్లత పెరిగి శ్వాస జోరందుకుంటుంది. ఆక్సిజన్ తగ్గుదలను పసిగట్టేవి మెడ ధమనుల దగ్గరి కెరోటిడ్ బాడీలు. ఆక్సిజన్ పీడనం 60 మి.మీ. కంటే కిందికి పడిపోయాకే అవి గట్టిగా స్పందిస్తాయి.

ఈతగాళ్లు ప్రాణం మీదికి తెచ్చుకునేది ఇక్కడే. నీళ్లలో మునిగే ముందు గబగబా పదిహేను ఇరవై సార్లు ఊపిరి తీస్తారు. రక్తం అప్పటికే 97, 98 శాతం ఆక్సిజన్‌తో నిండి ఉంటుంది, కాబట్టి అదనంగా చేరేది స్వల్పం. కార్బన్ డయాక్సైడ్ మాత్రం బాగా పడిపోతుంది. దాంతో పొట్ట పైభాగం అదిరి, గాలి కావాలని ఒళ్లంతా మొరపెట్టే ఘడియ ఆలస్యమవుతుంది. ఈలోగా ఆక్సిజన్ అయిపోయి, ఏ హెచ్చరికా లేకుండానే స్పృహ తప్పుతుంది. నేల మీదైతే మజ్జాముఖం వెంటనే ఊపిరి తీయిస్తుంది. నీళ్లలోనూ తీయిస్తుంది, కానీ లోపలికి వెళ్లేది నీరు. దయచేసి ఆ అలవాటు మానండి, ఒంటరిగా మునగకండి.

నిద్రలో భయపడాల్సింది మార్ఫిన్ జాతి నొప్పి మందుల గురించి. అవి ఆ ఊపిరి లయనే మందగింపజేస్తాయి. మద్యం, నిద్రమాత్రలు తోడైతే ముప్పు ఇంకా ఎక్కువ. ఆ మందు వేసుకుని పడుకున్న పెద్దవాళ్ల శ్వాసను పూర్తిగా ఒక నిమిషం లెక్కపెట్టండి. మధ్యలో విరామాలు రావచ్చు, కాబట్టి 15 సెకన్లు చూసి నాలుగుతో హెచ్చవేస్తే మోసపోతారు. మామూలుగా 12 నుంచి 20 ఉండాలి. ఎనిమిదికి దిగినా, గురక గరగరమంటున్నా, పెదవులు నీలంగా మారినా, తట్టి లేపినా లేవకపోయినా వెంటనే అంబులెన్స్ పిలవండి.