వంటింటి సందేహాలు: పోలండ్ వారి పుల్లటి క్యాబేజీ సూప్

ప్రశ్న: మా అమ్మాయి వార్సాలో పై చదువు చదువుతోంది. చలికాలంలో అక్కడివాళ్లు క్యాబేజీ, మాంసం, బంగాళాదుంపలతో చేసుకునే చిక్కటి పుల్లటి సూప్ తనకు బాగా అలవాటైంది. సెలవులకు వచ్చినప్పుడు చేసి పెడదామని తాజా క్యాబేజీ తరిగి, మటన్, దుంపలు అన్నీ ఒకే గిన్నెలో వేసి, పులుపు కోసం మొదటే వెనిగర్ పోసి ఉడికించాను. గంట గడిచినా దుంపలు మెత్తబడలేదు, సూప్ అంతా వెనిగర్ వాసన పట్టింది. అసలు పద్ధతి ఏమిటి? మన ఊళ్లో దొరికే సరుకులతో చేయవచ్చా?
— ఒక పాఠకురాలు, విజయవాడ

జవాబు: నిశ్చింతగా చేయవచ్చు. మీ అమ్మాయి తిన్న సూప్‌ను పోలండ్‌లో కపుశ్న్యాక్ అంటారు. దానిలోని పులుపు వెనిగర్‌ది గాని, నిమ్మకాయది గాని కాదు. సన్నగా తరిగి ఉప్పు కలిపి పులియబెట్టిన క్యాబేజీలోనే ఆ పులుపు పుడుతుంది. వెనిగర్ పులుపు నాలుకకు ఒక్కసారిగా తగిలి పోతుంది. పులిసిన క్యాబేజీ ఇచ్చే పులుపు మాంసం రసంలో, దుంపల్లో కలిసిపోయి వంటకం అంతటా సమంగా వ్యాపిస్తుంది. అందువల్ల పులియబెట్టిన క్యాబేజీ చేతిలో లేనిరోజున ఈ సూప్ జోలికి వెళ్లకపోవడమే మేలని నా అభిప్రాయం.

దుంపలు ఉడకకపోవడానికి కారణం కూడా ఆ పులుపే. దుంప కణాలను ఒకదానితో ఒకటి పట్టి ఉంచే పెక్టిన్ అనే పదార్థం మామూలు నీళ్లలో వేడికి కరిగిపోతుంది గాని, పుల్లటి నీళ్లలో అంత తేలికగా కరగదు. కందిపప్పు ఉడకక ముందే చింతపండు పులుసు పోస్తే పప్పు పలుకులుగా మిగిలిపోవడం మనందరికీ తెలిసిన సంగతే. ఇక్కడ జరిగేదీ అటువంటిదే. కాబట్టి దుంపలు పూర్తిగా మెత్తబడేవరకు పులుపు వాటిని తాకకూడదు. ఈ ఒక్క నియమం పాటిస్తే సగం పని అయినట్టే.

మాంసం విషయానికి వస్తే, పోలండ్ మైదాన ప్రాంతాల్లో ఎక్కువగా పొగబెట్టిన పంది పక్కటెముకలు వాడతారు. అయితే మీరు మటన్ వాడినందుకు సంకోచించనక్కరలేదు. దక్షిణాన తత్రా పర్వతాల దిగువన, జకోపనె పట్టణం చుట్టూ ఉన్న పోద్‌హాలె ప్రాంతం గొర్రెల కాపరుల సీమ. అక్కడివారు ఇదే కుటుంబానికి చెందిన క్వశ్నిత్స అనే సూప్‌ను గొర్రెమాంసంతోనూ చేసుకుంటారు. అందులో క్యాబేజీ, దాని పుల్లటి నీళ్లు, మాంసం, దుంపలే ప్రధానం. క్యారెట్టు వేయడం గాని, పిండి కలిపి చిక్కబరచడం గాని అక్కడి పాతకాలపు వంటవారికి నచ్చదు. మన దగ్గర మంచి మటన్ పక్కటెముకలు దొరుకుతాయి కనుక, నేనైతే మీకు ఈ కొండప్రాంతపు దారినే సూచిస్తాను.

నలుగురైదుగురికి అరకిలో పక్కటెముకలు, అరకిలో పులియబెట్టిన క్యాబేజీ, 400 గ్రాముల దుంపలు, రెండు లీటర్ల నీళ్లు సరిపోతాయి. ఎముకలను చన్నీళ్లలో వేసి మంట మీద పెట్టి, పైకి తేలే నురుగును ఓపికగా తీసివేసి, ఒక ఉల్లిపాయను సగానికి కోసి పెనం మీద కోసిన వైపు నల్లబడేలా కాల్చి అందులో వేయండి. రెండు బిరియానీ ఆకులు, ఆరేడు మిరియాలు, రెండు లవంగాలు, చిన్న దాల్చినచెక్క పలుకు కూడా వేసి, సన్నని మంట మీద గంటన్నర నుంచి రెండు గంటలు ఉడికించండి. పోలండ్‌లో లవంగం, చెక్కలకు బదులు ఆల్‌స్పైస్ అనే గింజలు నాలుగైదు వేస్తారు. అవి దొరికితే లవంగం, చెక్క రెండూ మానేయండి. వాళ్లు వాడే ఆకు కూడా మన బిరియానీ ఆకు కాదు. మన ఆకులో మూడు ఈనెలు నిలువుగా ఉండి దాల్చినచెక్క వాసన వస్తుంది, వాళ్ల ఆకులో మధ్య ఈనె ఒక్కటే ఉండి కొంచెం చేదుగా, ఘాటుగా ఉంటుంది. పెద్ద దుకాణాల్లో బే లీఫ్ పేరుతో యూరప్ నుంచి వచ్చినది కనబడితే అదే కొనండి.

మాంసం మెత్తబడ్డాక, ఆ రసం మూడోవంతు వేరే గిన్నెలోకి తీసి అందులో క్యాబేజీని ముప్పావుగంట ఉడకనివ్వండి. మిగిలిన రసంలో దుంప ముక్కలు వేసి వేలితో నొక్కితే చితికేంతగా ఉడికించండి. ఆ తర్వాతే రెండింటినీ కలిపి పది నిమిషాలు మరగనివ్వాలి. ఉప్పు మాత్రం అన్నీ కలిశాక రుచి చూసి వేయండి, ఎందుకంటే క్యాబేజీలోనే చాలినంత ఉప్పు ఉంటుంది. పులుపు చాలలేదనిపిస్తే క్యాబేజీ ఊరిన నీళ్లు గరిటెడు పోయండి. పులుపు మరీ ఎక్కువైన క్యాబేజీ అయితే ఉడికించే ముందే ఒకసారి చన్నీళ్లలో కడిగి పిండుకోవాలి. స్టీలు గిన్నె గాని, ఎనామిల్ గిన్నె గాని వాడండి, పుల్లటి వంటకానికి అల్యూమినియం పనికిరాదు.

దించే ముందు వాళ్లు తప్పకుండా వేసే ఆకు ఒకటుంది, అది మన మరువమే. మన పూల అంగళ్లలో కనకాంబరాల మధ్య కట్టే ఆ మరువాన్నే పోలండ్‌లో ఎండబెట్టి, అరచేతుల మధ్య నలిపి సూపుల్లో చల్లుతారు. మాలకోసం పెంచిన మరువానికి పురుగుమందు కొట్టి ఉండవచ్చు కాబట్టి దాన్ని వంటలో వేయకండి. కుండీలో పెంచుకున్నదైతే నీడలో ఆరబెట్టి ఒక చెంచాడు వేయండి. దానికి తోడు పావు చెంచా షాజీరా, దంచిన రెండు వెల్లుల్లి రెబ్బలు చాలు. ధనియాల పొడి, గరం మసాలా, కరివేపాకు వేయాలని చెయ్యి లాగుతుంది గాని దయచేసి వేయకండి, క్యాబేజీ రుచి వాటి కింద అణగిపోతుంది.

చిక్కగా కావాలనుకుంటే మైదాన ప్రాంతపు పద్ధతిలో చెంచాడు వెన్నలో సన్నగా తరిగిన ఉల్లిపాయ వేయించి, చెంచాడు గోధుమపిండి కలిపి లేత గోధుమరంగు వచ్చేవరకు తిప్పి, చల్లారిన రసం గరిటెడు పోసి ఉండలు లేకుండా కలిపి సూప్‌లో పోయవచ్చు. ఈ సూప్ వండిన పూటకన్నా మర్నాడు బాగుంటుందని అక్కడి వాళ్లంతా అంటారు, అది నిజం కూడా. అయితే మన వేడికి రాత్రంతా బయట ఉంచకుండా ఫ్రిజ్‌లో పెట్టండి. రై అనే ధాన్యపు పిండితో చేసిన రొట్టె దొరికితే మంచిది, లేకపోతే ఏ గట్టి రొట్టె అయినా సరిపోతుంది.

ప్రశ్న: ఇంట్లో క్యాబేజీ పులియబెడుతుంటే మూడో రోజుకు పైన తెల్లటి పొర కట్టింది. పారేయాలా? మన వాతావరణంలో అసలు ఇది కుదురుతుందా?
— ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: పలుచగా, తెల్లగా, నీళ్ల మీద తేలే పొర అయితే అది ఒక రకం ఈస్టు. గాలి తగిలిన చోట ఏర్పడుతుంది. దాన్ని తీసివేసి, క్యాబేజీని మళ్లీ నీళ్ల అడుక్కి నొక్కితే సరిపోతుంది. నూగులాగా లేచిన బూజు గాని, గులాబీ లేదా నలుపు రంగు గాని, కుళ్లిన వాసన గాని ఉంటే ఆలోచించకుండా మొత్తం పారేయండి.

కిలో తరిగిన క్యాబేజీకి 20 నుంచి 25 గ్రాముల కళ్లుప్పు పొడి తూచి వేయాలి. చెంచాలతో కొలిస్తే తేడా వస్తుంది కాబట్టి తూకమే నమ్మకం. చేత్తో పిసికితే పావుగంటలో నీరు ఊరుతుంది. దాన్ని గాజు సీసాలో పొరలు పొరలుగా గట్టిగా అదిమి, పైన క్యాబేజీ ఆకు ఒకటి పరచి, శుభ్రమైన బరువు పెట్టండి. ముక్కలన్నీ నీళ్లలో మునిగే ఉండాలి. మన ఊరగాయల అలవాటు కొద్దీ నూనె, కారం, పసుపు వేయకండి, ఇక్కడ నిలవ ఉంచేది ఉప్పూ, పులుపూ మాత్రమే. వాయువు పుడుతుంది కనుక మూత రోజూ ఒకసారి వదులు చేయాలి.

క్యాబేజీ ఆకుల మీద సహజంగా ఉండే సూక్ష్మజీవులే ఈ పని చేస్తాయి. మొదట లూకోనోస్టాక్ జాతి బాక్టీరియా పులుపును మొదలుపెట్టి, వాయువుతో సీసాలోని గాలిని తరిమేస్తుంది. పులుపు పెరిగాక అది తగ్గిపోయి లాక్టోబాసిల్లస్ రకాలు ఆ పనిని పూర్తి చేస్తాయి. మొదటి దశకు 18 నుంచి 20 డిగ్రీల చల్లదనం అనుకూలం. పోలండ్ పల్లెల్లో శరదృతువులో కోతకొచ్చిన క్యాబేజీని తరిగి చెక్క పీపాల్లో పోసి, కడుక్కున్న కాళ్లతో తొక్కి, చల్లటి నేలమాళిగల్లో వారాల తరబడి ఉంచేవారు. మన ఇళ్లలో 30 డిగ్రీల వేడికి ఐదారు రోజుల్లోనే పులిసిపోతుంది గాని ముక్క కొంచెం మెత్తబడుతుంది, సువాసన కూడా తక్కువగా ఉంటుంది. అందుకే డిసెంబరు, జనవరి నెలల్లో పెట్టుకోవడం అన్నిటికన్నా మంచిది. ఎండాకాలంలో చేయక తప్పకపోతే సీసా చుట్టూ తడిగుడ్డ కట్టి, గాలి ఆడే నీడలో ఉంచి, నాలుగో రోజు నుంచి రుచి చూస్తూ, పులుపు సరిపోగానే ఫ్రిజ్‌లోకి మార్చండి.

ప్రశ్న: మేము శాకాహారులం. మాంసం లేకుండా ఈ సూప్‌కు ఆ చిక్కదనం వస్తుందా?
— ఒక పాఠకురాలు, కాకినాడ

జవాబు: వస్తుంది. పోలండ్‌లోనూ మాంసం లేని రోజులు ఉన్నాయి. డిసెంబరు 24 రాత్రి, క్రిస్మస్ ముందు చేసే విందులో సంప్రదాయంగా మాంసం వండరు. ఆ రాత్రి పులిసిన క్యాబేజీని బఠానీలతో, ఎండిన పుట్టగొడుగులతో కలిపి వండుతారు. మీరు కూడా ఎండిన పుట్టగొడుగులు 20 గ్రాములు రెండు గంటలు గోరువెచ్చని నీళ్లలో నానబెట్టి, ఆ నీటిని పలుచటి గుడ్డతో వడకట్టి, మాంసం రసానికి బదులు దాన్నే సూప్‌కు ఆధారం చేసుకోండి. వాళ్ల అడవి పుట్టగొడుగులు ఇక్కడ ఖరీదు కనుక షీటాకే రకం వాడినా లోపం తెలియదు. గుప్పెడు పచ్చ బఠానీ పప్పును విడిగా మెత్తగా ఉడికించి మెదిపి కలిపితే పిండి అవసరం లేకుండానే చిక్కబడుతుంది. పప్పునూ దుంపలలాగే క్యాబేజీ కలపడానికి ముందే పూర్తిగా ఉడికించుకోవాలి.