మొహమాటం లేకుండా చెప్పండి!

ప్రశ్న: మేడం, ఈమధ్య మీరు చదివిన నవలల్లో ఏవి నచ్చాయి, ఏవి విసిగించాయి? అందరిలా అన్నీ అద్భుతం అనకండి.
– ఒక పాఠకురాలు, కాజీపేట

జవాబు: సరే, అడిగారు కాబట్టి చెప్తున్నా. మన హన్మకొండ రాజరాజ నరేంద్రాంధ్ర భాషానిలయం లైబ్రరీ అట్టలున్న పాత పుస్తకాలంటే నాకు పిచ్చి. ఈసారి ముందు పట్టింది దాశరథి రంగాచార్య ‘చిల్లర దేవుళ్లు’. నిజాం కాలపు పల్లె, దొర గడి (కోట లాంటి ఇల్లు), ఆ గడిలో దాసీలుగా మగ్గే ఆడబాపల బతుకు. బెజవాడ నుంచి పొట్ట చేతపట్టుకుని వచ్చిన సంగీతం పంతులు పాణి కళ్లతో చూపిస్తాడు కాబట్టి, మనకు అలవాటైపోయిన అన్యాయం కూడా కొత్తగా గుచ్చుకుంటుంది. పాత్రల మాటల్లో మా నాయనమ్మ యాస వినబడింది. ప్రేమకథ మాత్రం నాకు అతకలేదు, గడి ముందు అది తేలిపోయింది.

నవీన్ ‘అంపశయ్య’ దగ్గర గొడవ పడ్డాను. ఉస్మానియా హాస్టల్ కుర్రాడు రవి బుర్రలో ఒక్క రోజు తిరిగేదంతా నవల! ఫీజు టెన్షన్, ఆకలి, అమ్మాయిల మీద ఆలోచనలు... మొదటి యాభై పేజీలు విసుగే. తర్వాత ఆ గజిబిజికి అలవాటు పడ్డాక వదల్లేకపోయా. అయినా రవి తన మీద తాను జాలిపడటం కాస్త తగ్గించుకోవాల్సింది.

కొమ్మూరి సాంబశివరావు డిటెక్టివ్ యుగంధర్ నవల అయితే అన్నం తింటూ చదివేశా. హంతకుడెవరో ముందే పట్టేశాను లెండి, అసిస్టెంట్ రాజు కంటే ముందు! మీకు కాజీపేట నుంచి రైల్లో రోజూ తిరిగే పని ఉంటే దీనితోనే మొదలుపెట్టండి. ‘అంపశయ్య’ సెలవు రోజుకు ఉంచుకోండి.