టీచర్లకు తుపాకులిస్తే అమెరికా స్కూళ్ళలో కాల్పులు ఆగుతాయా? టెక్సాస్‌లో పాఠాలు చెబుతున్న నా అనుభవం

మీరు అడిగింది ఇది: మీ అన్నయ్యగారి పిల్లలిద్దరూ డల్లాస్ దగ్గర చదువుతున్నారు, టీవీలో కాల్పుల వార్త వచ్చినప్పుడల్లా మీ అమ్మగారు టెన్షన్ పడుతున్నారు, టీచర్ల దగ్గరే తుపాకీ ఉంటే గొడవ వదిలిపోతుంది కదా, ఎందుకు ఇవ్వరు అని.

నేను తెనాలిలో ఒక జూనియర్ కాలేజీలో ఆరేళ్ళు లెక్కలు చెప్పాను. ఇక్కడికి వచ్చాక 2017లో సబ్‌స్టిట్యూట్ టీచర్‌గా మొదలుపెట్టి, తర్వాత సర్టిఫికేషన్ పూర్తిచేసి, ఇప్పుడు డల్లాస్ శివార్లలో ఒక మిడిల్ స్కూల్లో ఆరో తరగతికి లెక్కలు చెబుతున్నాను. అందుకే ఈ ప్రశ్న చూసి ఊరుకోలేకపోయాను.

ముందుగా, ఇవ్వరు అనుకోకండి. చాలా రాష్ట్రాల్లో టీచర్లు తుపాకీ పెట్టుకోవడానికి ఇప్పటికే అనుమతి ఉంది. టెక్సాస్‌లో ఓక్లహోమా సరిహద్దు దగ్గర హ్యారల్డ్ అనే చిన్న ఊరి స్కూలు బోర్డు 2007లోనే సిబ్బంది తుపాకీ పెట్టుకోవచ్చని తీర్మానం చేసింది. 2013లో రాష్ట్రం స్కూల్ మార్షల్ (శిక్షణ తీసుకుని బడిలో తుపాకీ ఉంచుకునే సిబ్బంది) అనే పథకం తెచ్చింది, దానికి 80 గంటల శిక్షణ. ఒహాయోలో టీచరు తుపాకీ పెట్టుకోవాలంటే పోలీసు స్థాయిలో 700 గంటలకు పైగా శిక్షణ కావాల్సి వచ్చేది. 2022లో చట్టం మార్చి 24 గంటలు చాలన్నారు. టెనెసీలో 2024లో తెచ్చిన చట్టం ప్రకారం ఏ టీచరు దగ్గర తుపాకీ ఉందో తల్లిదండ్రులకు కూడా చెప్పరు. కాబట్టి ఇవ్వాలా వద్దా అనేది ఇక్కడ కాగితం మీది చర్చ కాదు. నాలాంటి వాళ్ళకి అది స్టాఫ్ మీటింగ్‌లో చెయ్యి ఎత్తాల్సిన విషయం.

ఒక రోజు జరిగింది చెప్తాను. నా అభిప్రాయం ఆ రోజు నుంచే వచ్చింది.

2022 మే 24న ఇదే టెక్సాస్‌లో యువాల్డీ అనే ఊళ్ళో ఒక ఎలిమెంటరీ స్కూల్లో 19 మంది పిల్లలు, ఇద్దరు టీచర్లు చనిపోయారు. ఆ వేసవంతా మేము ఆ పిల్లల ఫొటోలు చూస్తూనే గడిపాం. స్కూళ్ళు మళ్ళీ తెరిచాక సెప్టెంబర్, అక్టోబర్ నెలల్లో చాలా రాష్ట్రాల్లో దొంగ ఫోన్లు మొదలయ్యాయి. ఎవడో పోలీసులకు ఫోన్ చేసి ఫలానా స్కూల్లో కాల్పులు జరుగుతున్నాయని అబద్ధం చెబుతాడు. మా స్కూలు మీద కూడా ఒక ఫోన్ వచ్చింది. అది అబద్ధమని మాకు తెలిసింది నలభై నిమిషాల తర్వాత.

భిన్నాల కూడిక చెబుతున్నాను. మైకులో లాక్‌డౌన్ అన్నారు. 'లాక్స్, లైట్స్, అవుట్ ఆఫ్ సైట్', అంటే తలుపుకి తాళం, లైట్లు ఆర్పడం, ఎవరికీ కనబడని చోట కూర్చోవడం. పిల్లలకి ఇది మన ప్రార్థనా గీతంలా కంఠతా వచ్చు. సెమిస్టర్‌కొకసారైనా డ్రిల్ చేస్తాం. డ్రిల్ అయితే ముందే మెయిల్ వస్తుంది. ఆ రోజు మెయిల్ రాలేదు.

మాది పాత బిల్డింగ్. నా గది తలుపుకి తాళం బయటి వైపు నుంచే వెయ్యాలి. అంటే నేను తలుపు తెరిచి, వరండాలోకి చెయ్యి చాపి, తాళంచెవి తిప్పి, మళ్ళీ లోపలికి రావాలి. యువాల్డీలో కూడా క్లాసు తలుపులకి బయటి నుంచే తాళం, పైగా ఒక గది తాళం సరిగ్గా పడేది కాదు. ఆ విషయం చదివి ఉన్నాను కాబట్టి నాకు అదే గుర్తొచ్చింది. చెయ్యి వణికిపోతోంది. తాళంచెవి రంధ్రంలోకి దూరడం లేదు. రోజూ నాలుగుసార్లు తీసి వేసే తాళం అది. చివరికి ముందు బెంచీ పిల్లాడు ఒకడు లేచి వచ్చి నా మణికట్టు గట్టిగా పట్టుకున్నాడు, అప్పుడు పడింది. వాడికి పదకొండేళ్ళు.

ఇరవై రెండు మందిని పుస్తకాల బీరువా వెనక మూలకి కూర్చోబెట్టాను. ఒకమ్మాయి, వాళ్ళమ్మకి మెసేజ్ పెట్టనా అని నా చెవిలో అడిగింది. శబ్దం వస్తుందేమోనని వద్దన్నాను. ఆ పిల్ల ముఖం నాకింకా గుర్తుంది. అలా కూర్చుని ఉండగా వరండాలో బూట్ల చప్పుడు వినిపించింది. దగ్గరికొచ్చి ఆగింది. మా తలుపు హ్యాండిల్ తిరిగింది.

వచ్చేశాడు అనుకున్నాను. ఆ క్షణంలో నాకు ఇంకో ఆలోచనే లేదు.

వచ్చింది పోలీసు. ఒక్కో తలుపు లాగి చూసి, తాళం పడిందో లేదో తనిఖీ చేసుకుంటూ వెళ్తున్నాడు. ఆ సంగతి తర్వాత చెప్పారు. ఇప్పుడు మీరే ఆలోచించండి. ఆ సమయంలో నా చేతిలో తుపాకీ ఉండి ఉంటే అది ఎటు చూస్తూ ఉండేది? ఆ తలుపు వైపే. ఆ తాళం పడకుండా తలుపు తెరుచుకుని ఉంటే నేను కాల్చేదాన్ని, కాల్చింది పోలీసుని అయ్యేది. లేదా ముందు అతనే కాల్చేవాడు, ఎందుకంటే చీకటి గదిలో తుపాకీ పట్టుకుని నిలబడ్డ మనిషి టీచరో హంతకుడో అతనికి ఎలా తెలుస్తుంది? నా వెనకాలే ఇరవై రెండు మంది పిల్లలు.

శిక్షణ ఇస్తే చెయ్యి వణకదు అంటారు. శిక్షణ ఉన్నవాళ్ళ సంగతే చూద్దాం. న్యూయార్క్ పోలీసుల మీద ర్యాండ్ అనే అమెరికా పరిశోధన సంస్థ చేసిన అధ్యయనంలో, 1998 నుంచి 2006 వరకు ఎదురుకాల్పుల్లో వాళ్ళు పేల్చిన గుళ్ళలో గురికి తగిలినవి సగటున 18 శాతం. అదే ఉద్యోగంగా ఉన్నవాళ్ళ లెక్క ఇది. మిగతా గుళ్ళు ఎటు పోయినట్టు? వీధిలో గోడకి తగలొచ్చు. క్లాసులో అయితే పిల్లలున్నారు. 2018లో కాలిఫోర్నియాలోని సీసైడ్‌లో ఒక టీచరు తుపాకీ భద్రత గురించి పాఠం చెబుతుండగానే తుపాకీ పేలింది. గుండు పైకప్పుకి తగిలి, శకలాలు పడి ఒక విద్యార్థికి గాయమైంది. ఆయన రిజర్వ్ పోలీసు అధికారి కూడా.

తుపాకీ ఉన్న మనిషి అక్కడుంటే చాలు, హంతకుడు ఆగిపోతాడు అనే మాట 2012లో శాండీ హుక్ స్కూల్లో 20 మంది పసిపిల్లలు, ఆరుగురు పెద్దవాళ్ళు చనిపోయాక బాగా వినిపించింది. కానీ 1999లో కొలరాడోలోని కొలంబైన్ హైస్కూల్లో సాయుధ పోలీసు ఉన్నాడు, ఎదురు కాల్చాడు కూడా. అయినా ఆ రోజు 13 మంది పోయారు. 2018లో ఫ్లోరిడాలోని పార్క్‌ల్యాండ్‌లో ఒక హైస్కూలు కాపలాకి ఉన్న సాయుధ పోలీసు బయటే ఉండిపోయాడు, 17 మంది పోయారు. అదే ఏడాది టెక్సాస్‌లోని శాంటా ఫేలో స్కూలు పోలీసులు ఉన్నారు, వాళ్ళలో ఒకరు తీవ్రంగా గాయపడ్డారు, పది మంది చనిపోయారు. యువాల్డీకి మొత్తం 376 మంది పోలీసులు వచ్చి, 77 నిమిషాల తర్వాత గానీ హంతకుణ్ణి ఆపలేదు. అంతమంది వల్ల కానిది లెక్కల టీచరు వల్ల ఎలా అవుతుంది?

అవతలి పక్షం వాళ్ళ మాట కూడా చెప్పాలి. మా స్కూల్లో ఒకావిడ పశ్చిమ టెక్సాస్‌లో పల్లెటూరి స్కూల్లో చాలా ఏళ్ళు పనిచేసి వచ్చారు. అక్కడ షెరీఫ్ (కౌంటీ పోలీసు) ఆఫీసు నుంచి కారు రావాలంటే అరగంట. 'ఆ అరగంట పిల్లల్ని నేను ఏం పెట్టి కాపాడాలి?' అని ఆవిడ అడిగినప్పుడు నా దగ్గర జవాబు లేదు. ఇప్పటికీ లేదు. హ్యారల్డ్ వాళ్ళు చెప్పిన కారణమూ అదే. ఊరికి దూరంగా, వందమంది పిల్లలున్న బడిలో, ఇష్టపడి ముందుకొచ్చి, ఏటా సాధన చేసే ఒకరిద్దరి దగ్గర తుపాకీ ఉండటాన్ని నేను తప్పుపట్టలేను. దాన్నే తెచ్చి వెయ్యిమంది పిల్లలుండే మా శివారు స్కూలుకి అతికించడాన్ని మాత్రం ఒప్పుకోను.

ఇంకో సహోద్యోగి సైన్యంలో పనిచేసి వచ్చాడు, సోషల్ చెబుతాడు. ఎవరైనా పెట్టుకోవాలంటే ఆయనే పెట్టుకోవాలి అని మేమంతా అనుకున్నాం. ఆయన వద్దన్నాడు. సైన్యంలో తుపాకీ పట్టుకున్నప్పుడు తన పని అదొక్కటే అట, ఇక్కడ పాతికమంది పిల్లలు తన మీద పడి వేలాడుతుంటారు అన్నాడు. నిజమే. ఆరో తరగతి పిల్లలు వచ్చి నడుం చుట్టూ చేతులు వేస్తారు. ఇద్దరు కొట్టుకుంటే మధ్యలో దూరి విడదీస్తాం. ఆ నడుం దగ్గర తుపాకీ పెట్టుకుని ఎలా తిరగాలి? బీరువాలో పెట్టి తాళం వేస్తే, ఆ రోజు నా చేతులతో ఆ తాళం తియ్యగలనా? 2023లో ర్యాండ్ వాళ్ళే టీచర్లని అడిగితే 54 శాతం మంది దీనివల్ల స్కూలు ఇంకా ప్రమాదకరమవుతుందన్నారు, భద్రత పెరుగుతుందన్నవాళ్ళు 20 శాతం.

నన్ను అన్నిటికంటే ఎక్కువ బాధపెట్టేది వేరే ఉంది. కాల్చేవాడు ఎక్కణ్ణుంచో ఊడిపడిన రాక్షసుడని మనం ఊహించుకుంటాం. చాలాసార్లు వాడు ఆ స్కూలు పిల్లాడే. మిషిగన్‌లోని ఆక్స్‌ఫర్డ్‌లో 15 ఏళ్ళవాడు. జార్జియాలోని అపలాచీ హైస్కూల్లో 14 ఏళ్ళవాడు. నాకు తుపాకీ ఇస్తున్నారంటే, నేను భాగహారం నేర్పిన పిల్లాణ్ణి అవసరమైతే చంపమని ఇస్తున్నారు. తెనాలిలో అయినా ఇక్కడైనా నేను పిల్లల ముందు నిలబడింది అందుకు కాదు.

ఆ పిల్లాడి చేతికి తుపాకీ ఎక్కణ్ణుంచి వస్తోందో అడగండి. ఎక్కువగా ఇంట్లోంచే. ఆక్స్‌ఫర్డ్ పిల్లాడికి తల్లిదండ్రులే కొనిచ్చారు, 2024లో ఇద్దరికీ జైలుశిక్ష పడింది. అపలాచీ పిల్లాడి ఇంటికి ఏడాది ముందే ఆన్‌లైన్ బెదిరింపుల మీద పోలీసులు వెళ్ళి తండ్రితో మాట్లాడి వచ్చారు. గతంలో స్కూళ్ళ మీద జరిగిన దాడుల గురించి సీక్రెట్ సర్వీస్ (అమెరికా అధ్యక్షుడి రక్షణ చూసే ప్రభుత్వ సంస్థ) చేసిన అధ్యయనంలో, 81 శాతం ఘటనల్లో కనీసం ఒక్కరికైనా ముందే తెలుసని తేలింది. సాధారణంగా తోటి పిల్లలకే.

రెండేళ్ళ క్రితం మా క్లాసులో ఒకమ్మాయి గంట కొట్టాక కూడా వెళ్ళకుండా బ్యాగు సర్దుతూ నిలబడింది. అందరూ వెళ్ళాక ఫోన్ తీసి చూపించింది. వేరే సెక్షన్ పిల్లాడు, శుక్రవారం స్కూలుకి రావద్దని ఇద్దరు స్నేహితులకి మెసేజ్ పెట్టాడు. నేను ఆ పిల్లని తీసుకుని నేరుగా కౌన్సెలర్ దగ్గరికి వెళ్ళాను. ఆ సాయంత్రమే ఆ పిల్లాడి ఇంట్లో, మంచం పక్కన సొరుగులో, తాళం లేకుండా వాళ్ళ నాన్న పిస్టల్ దొరికింది. వాడు నిజంగా చేసేవాడో కాదో ఎవరూ చెప్పలేరు. పన్నెండేళ్ళ పిల్లాడు, వాణ్ణి బస్సులో రోజూ ఏడిపిస్తున్నారని అప్పుడే బయటపడింది. ఆ అమ్మాయి నా దగ్గరికే ఎందుకు వచ్చిందో నాకు తెలుసు. మధ్యాహ్నం భోజనం వేళ నా గదిలో కూర్చుని లెక్కలు చేసుకుంటుంది, నాతో అన్నీ చెబుతుంది. మా స్కూల్లో దాదాపు ఆరువందల మందికి ఒక్కరే కౌన్సెలర్. తుపాకీల శిక్షణకి పెట్టే డబ్బుతో ఇంకొకరిని పెట్టండని నేను బోర్డు మీటింగ్‌కి వెళ్ళి మూడు నిమిషాలు మాట్లాడాను. ఇంకా పెట్టలేదు. మళ్ళీ వెళ్తాను.

మన వాళ్ళ గురించి కూడా ఒక మాట. 2023 మేలో ఇక్కడ ఆలెన్‌లో మాల్ దగ్గర కాల్పుల్లో ఎనిమిది మంది చనిపోయారు, అందులో మన తెలుగమ్మాయి కూడా ఉంది. ఆ తర్వాత నాకు తెలిసిన తెలుగు కుటుంబాల్లో కొందరు తుపాకీ కొనుక్కున్నారు. భయం నాకు అర్థమవుతుంది. కానీ అది చీరల బీరువాలో, మడతల కింద ఉంటే దాచినట్టు కాదు. పిల్లలకి అమ్మ నగలు ఎక్కడ దాస్తుందో తెలుసు, ఇదీ తెలుస్తుంది.

మా అమ్మాయిని స్నేహితురాలి ఇంట్లో రాత్రి పడుకోవడానికి పంపేముందు నేను ఫోన్ చేసి అడుగుతాను. మొదటిసారి ఒక తెలుగావిడని అడగడానికి నాకు నోరు రాలేదు. 'ఏమీ అనుకోకండి, మీ ఇంట్లో తుపాకీ ఉందా? ఉంటే తాళం వేసి ఉంటుందా?' అన్నాను. ఆవిడ ఒక్క క్షణం ఆగి, 'మావారిని అడిగి చెప్తానండీ' అంది. ఆ రోజు పంపలేదు. వారం తర్వాత ఆవిడే ఫోన్ చేసి, చిన్న ఇనప్పెట్టె కొన్నామని, గుళ్ళు వేరే చోట పెట్టామని చెప్పింది. ఇప్పుడు ఆవిడ కూడా అందరినీ అడుగుతోంది.

మీ అన్నయ్యగారికి చెప్పండి: పిల్లల క్లాసు తలుపు లోపలి నుంచి తాళం పడుతుందో లేదో టీచర్ని అడగమనండి. అడిగితే ఎవరూ ఏమీ అనుకోరు. నేను అడిగీ అడిగీ నా గది తాళం పోయిన ఏడాది మార్పించాను, ఇప్పుడు లోపలి నుంచే మీట నొక్కితే పడుతుంది. మిగతా పాత గదులు ఇంకా పదకొండు ఉన్నాయి.