ఇల్లు తాకట్టు పెట్టే ముందు ఆ బీఎల్ వెనక్కి తిప్పి చూడండి

ప్రశ్న: మా అమ్మాయి విశాఖలో ఐదేళ్ల లా కోర్సు నాలుగో ఏడాది చదువుతోంది. షిప్పింగ్ లా వైపు వెళ్తానంటోంది. బిల్ ఆఫ్ లేడింగ్ (బీఎల్, అంటే ఓడకెక్కించిన సరుకుకు ఓడవాళ్లిచ్చే రసీదు, హక్కు పత్రం), సరుకు మీద హక్కు ఎవరిది, ఇలాంటివి ఆమెకిష్టం. ఇంగ్లండ్‌లో ఎల్ఎల్ఎం చేస్తే ఇక తిరుగుండదని కన్సల్టెన్సీ వాళ్లు చెబుతున్నారు. ఇల్లు తాకట్టు పెట్టాల్సి వస్తుంది. నేను బియ్యం ఎగుమతి చేసే కంపెనీలో డాక్యుమెంట్లు చూస్తాను. ఎవరికీ తెలియని ఈ సబ్జెక్టు నమ్ముకోవచ్చా? ఇంగ్లండా, గుజరాతా, లేక జడ్జి పరీక్షలు రాయమనాలా? పోల్చి చెప్పండి.
- ఒక తండ్రి, కాకినాడ

జవాబు: మీ ఉత్తరంలో నన్ను ఆపింది ఇంగ్లండ్ కాదండీ, "ఎవరికీ తెలియని సబ్జెక్టు" అన్న మాట. రోజూ బీఎల్‌లు చూసే మనిషి రాయాల్సిన మాటేనా అది?

కాకినాడ యాంకరేజీలో బస్తాలు బార్జీల మీద ఓడ దాకా వెళ్తాయి. ఓడ మేట్ (కెప్టెన్ కింది అధికారి) లెక్క చూసి మేట్స్ రిసీట్ ఇస్తాడు. అందులో "కొన్ని బస్తాలు తడిశాయి" అని ఒక ముక్క రాశాడనుకోండి. అదే ముక్క బీఎల్ మీదికి ఎక్కితే బ్యాంకు ఎల్‌సీ (కొనుగోలుదారు తరఫున బ్యాంకు ఇచ్చే చెల్లింపు హామీ) కింద డబ్బివ్వదు. అప్పుడు కొందరు చేసే పని మీకు తెలుసు: "రేపు ఏదైనా అయితే మాదే పూచీ" అని ఓడవాళ్లకు ఉత్తరమిచ్చి, ఆ ముక్క లేని క్లీన్ బీఎల్ తెచ్చుకోవడం. ఆ ఉత్తరం కోర్టులో నిలుస్తుందా? 1957లో ఇంగ్లండ్ అప్పీల్ కోర్టు ముందుకు ఇలాంటి తగాదాయే వచ్చింది. అక్కడ సరుకు బియ్యం కాదు, కారుతున్న పీపాల్లో కమలారసం. తెలిసి తెలిసి అబద్ధపు బీఎల్ రాయించుకోవడానికి ఇచ్చిన పూచీ చెల్లదని తీర్పు. అమ్మాయికిష్టమైన సబ్జెక్టు ఇదే. మీ ఆఫీసులో దాన్ని లా అనరు, టెన్షన్ అంటారు.

ఇక మీ అసలు భయానికి వస్తాను. ఈ చదువు పిల్లకి అన్నం పెడుతుందా? పెడుతుంది. ఎందుకంటే బీఎల్ చేతిలో ఉంటే సరుకు చేతిలో ఉన్నట్టే: ఓడ ఇంకా నడిసంద్రంలో ఉండగానే బీఎల్ వెనక సంతకం పెట్టి సరుకు అమ్మేయొచ్చు. మూడు ఒరిజినళ్లలో ఒకటి చూపించి సరుకు విడిపించుకుంటే మిగతా రెండూ చిత్తు కాగితాలే. విమానంలో పంపే సరుకుకిచ్చే ఎయిర్‌వే బిల్లుకు ఈ బలం లేదు. 1930 నాటి వస్తు విక్రయ చట్టం మాత్రం రైల్వే రసీదునూ, గోదాము యజమాని ఇచ్చే సర్టిఫికెట్‌నూ బీఎల్ పక్కనే కూర్చోబెట్టింది. అంటే రేపు ఓడల కేసులు దొరక్కపోయినా, గోదాముల్లోని సరుకు మీద బ్యాంకులిచ్చే అప్పులు, వాటి గొడవలు ఉంటాయి. గుంటూరు కోల్డ్ స్టోరేజీల్లో మిర్చి ఉన్నన్నాళ్లూ ఆ పనికి కరువు లేదు. బ్యాంకుల ట్రేడ్ ఫైనాన్స్ విభాగాలు, ఇన్సూరెన్స్ క్లెయిములు, ముంబయి, చెన్నై లా ఆఫీసులు, ఇవన్నీ ఈ కాగితాల మీదే నడుస్తాయి.

ఆమె చదివే ఊరికే ఈ సబ్జెక్టులో పేరుందని మీకెవరైనా చెప్పారా? మర్మగోవాలో సరుకు ఎక్కించుకున్న ఒక విదేశీ ఓడ బీఎల్ ఇవ్వకుండానే వెళ్లిపోయిందనీ, డబ్బు కట్టని కొనుగోలుదారుకు సరుకివ్వొద్దని చెప్పినా ఇచ్చేసిందనీ ఎగుమతిదారు ఫిర్యాదు. 1984లో ఆ ఓడ విశాఖ రేవుకొచ్చినప్పుడు ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఉత్తర్వుతో దాన్ని నిలిపేశారు. అసలు ఈ హైకోర్టుకు ఆ అధికారం ఉందా అన్న వాదన ఢిల్లీ దాకా వెళ్లింది. ఉందని 1992లో సుప్రీంకోర్టు తేల్చింది. ఎం.వి. ఎలిజబెత్ కేసు అంటే అమ్మాయే మీకు మిగతాది చెబుతుంది. అడగండి.

ఇంగ్లండ్ సంగతి. సౌతాంప్టన్, స్వాన్సీ ఈ చదువుకు పేరున్న చోట్లే, కాదనను. కానీ డిగ్రీ చేతికి రాగానే అప్పు చేసి వెళ్లడం నాకు మింగుడు పడదు. ఎల్ఎల్ఎం పట్టాతో అక్కడ లాయరైపోరు. సొలిసిటర్ కావాలంటే వేరే పరీక్షలు, దాని పైన రెండేళ్ల పని అనుభవం కావాలి. లండన్ ఫర్ములు కుర్రాళ్లను తీసుకునే ట్రెయినింగ్ కాంట్రాక్టుకు ఎల్ఎల్ఎం ఉండాలన్న నియమమే లేదు. ఈ మాట మీ కన్సల్టెన్సీ చెప్పిందా? చెప్పదు, చెబితే దాని కమీషన్ పోతుంది. నా దగ్గరికొచ్చిన ఒక అబ్బాయి అలాగే వెళ్లొచ్చి, ముంబయిలో ఎల్ఎల్ఎం లేని తోటివాడి పక్క కుర్చీలోనే కూర్చున్నాడు. జీతం ఒకటే, ఈఎంఐ మాత్రం ఇతనొక్కడికే.

మన చట్టం మారింది కాబట్టి ఇప్పుడే వెళ్లాలని కూడా కన్సల్టెన్సీలు అంటుంటాయి. మారింది నిజమే. 1856 నాటి మూడు సెక్షన్ల చట్టం పోయి 2025లో కొత్త బిల్స్ ఆఫ్ లేడింగ్ చట్టం వచ్చింది. ఇంగ్లండ్ తన చట్టాన్ని 1992లోనే మార్చుకుంది, 2023లో ఎలక్ట్రానిక్ బీఎల్‌కు కాగితంతో సమాన హోదా ఇచ్చింది. ఇవన్నీ చదవాల్సినవే, విశాఖ లైబ్రరీలో కూర్చుని కూడా చదవొచ్చు. మూడు నాలుగేళ్లు పని చేశాక, ఏం తెలియదో తెలిశాక వెళ్తే ఆ ఏడాదికి విలువ ఉంటుంది.

పోలిక అడిగారు కదా, క్లుప్తంగా చెబుతాను. గాంధీనగర్‌లోని గుజరాత్ మారిటైమ్ యూనివర్సిటీలో ఇదే సబ్జెక్టు చదవొచ్చు, ఇంటి జోలికి వెళ్లక్కర్లేదు. దానికీ తొందర లేదు. జడ్జి పరీక్షకు మూడేళ్ల ప్రాక్టీసు ఉండాలని 2025లో సుప్రీంకోర్టు మళ్లీ తప్పనిసరి చేసింది, కాబట్టి ఆ దారైనా ముందు కోర్టు గుమ్మం తొక్కాల్సిందే. ఏ దారిలో వెళ్లినా మొదటి మూడేళ్లూ దాదాపు ఒకటే అన్నమాట. మీరు ఇవాళే తేల్చాల్సిందేమీ లేదు.

ఇంత రాశారు గానీ, అమ్మాయికి ఒక్క ఒరిజినల్ బీఎల్ చూపించినట్టు ఎక్కడా రాయలేదు. నాలుగేళ్లుగా ఆమె పుస్తకంలో బొమ్మ చూసి చదువుతోంది, మీ బీరువాలో కట్టలున్నాయి. ఈ సెలవుల్లో మీ యజమాని అనుమతి తీసుకుని, ముగిసిపోయిన రెండు మూడు ఫైళ్లు పార్టీల పేర్లు కప్పేసి ఆమె ముందు పెట్టండి. బ్యాంకు డిస్క్రెపెన్సీ (కాగితాల్లో తేడా) అని తిప్పికొట్టిన ఫైలైతే మరీ మంచిది. బీఎల్ వెనక చీమల్లాంటి అక్షరాల్లో ఏ దేశపు చట్టం, ఏ కోర్టు అని ఒక షరతు ఉంటుంది, ముందు అది చదవమనండి. ఆ తర్వాత చెన్నై, ముంబయి ఆఫీసులకు ఇంటర్న్‌షిప్ మెయిళ్లు పెట్టమనండి. ఆలస్యమైతే ఐదో ఏడాదికి సీట్లు దొరకవు.